తరుగు లింకు నొక్కితే అడ్వాన్సు కాడ దిగింది



పెద్ద పోస్టు ఇది, తీరిగ్గా చదవండి. మధ్యలో కంప్యూటరు సంగతులు ఉంటాయి. బీఏ చదివేవాళ్లకైనా, ఐటీఐ వాళ్లకైనా అర్థమయ్యేట్టే రాయాలని చూశాం. మన "కూలి లెక్క" డాక్స్ లింకులు నొక్కితే ఎక్కడికో పోతన్నాయని చాలామంది మెసేజీలు పెట్టారు గదా, దాని సంగతే ఇది.

కొత్తగా చేరినవాళ్ల కోసం ముందు రెండు మాటలు. మేము నలుగురం, గుంటూరులో ఒకే హాస్టల్, ఒకే గది. ఇద్దరిది పల్నాడు వైపు తండాలు, ఒకడిది బాపట్ల దగ్గర యానాది కాలనీ, ఒకడిది యర్రగొండపాలెం అవతల చెంచు గూడెం. నాలుగు ఇళ్లలోనూ కాలేజీకి వచ్చిన మొదటివాళ్లం మేమే. ఇంటి దగ్గర అమ్మానాన్నలు పత్తి తీతకు, మిరప కోతకు పోతారు. పత్తికి కేజీ లెక్క. మిరపకు కొన్ని ఊళ్లలో రోజు కూలి, కొన్ని ఊళ్లలో కేజీ లెక్క. మేస్త్రి నోటుబుక్కులో రాసుకుంటాడు. వారం చివర అడ్వాన్సులో ఇంత కోత, ఆటో చార్జీ ఇంత, తరుగు ఇంత అని తీసేసి మిగతాది చేతిలో పెడతాడు. ఆ లెక్క మన వైపు నుంచి కూడా ఒకటి ఉండాలని పైథాన్‌లో ఈ చిన్న ప్రోగ్రామ్ రాశాం. ఫోన్లో తెరుచుకుంటుంది, కేజీలు కొడితే కూలి చూపిస్తుంది. అంతకంటే పెద్ద పనేం చేయదు.

దానికి డాక్స్ కూడా రాశాం, అంటే ఎట్టా వాడాలి, లోపల ఏ ఫంక్షన్ ఏం చేస్తుంది అన్న వివరం. అది చేత్తో రాసింది కాదు. ఎవరు ఏ ఫంక్షన్ రాస్తే వాళ్లే దాని మొదట్లో తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలని పెట్టుకున్నాం. దీన్ని డాక్‌స్ట్రింగ్ అంటారు. ఒక స్క్రిప్టు ఆ డాక్‌స్ట్రింగులన్నీ ఏరి ఒక పేజీగా పేరుస్తుంది, డాక్స్ టూల్ ఆ పేజీని వెబ్ పేజీ చేస్తుంది. కోడ్ మారితే డాక్స్ వాటంతట అవే మారతాయి. తెలుగులోనే ఎందుకంటే, ఇంటర్ చదివే తమ్ముడు "డిడక్షన్" అన్న మాట దగ్గర ఆగిపోతాడు, "తరుగు" అంటే ఇంట్లో చిన్నప్పటి నుంచి విన్నదే.

ఇప్పుడు యాంకర్ అంటే ఏందో చెప్తాం. పేజీ లింకు చివర హ్యాష్ గుర్తు, దాని తర్వాత ఒక పేరు ఉంటుంది చూడండి. హ్యాష్ ముందు భాగం పేజీ చిరునామా. తర్వాతి భాగం పేజీలో ఏ చోట దిగాలో చెబుతుంది. ఆ చోటుకు ఉన్న పేరే యాంకర్. బస్సు ఊళ్లోకి తీసుకుపోతుంది, యాంకర్ ఇంటి ముందు దింపుతుంది అనుకోండి. ఆ పేరున్న ఇల్లు పేజీలో లేకపోతే బ్రౌజరు ఏమీ అనదు. పేజీ తెరుస్తుంది, పైన వదిలేస్తుంది. ఎర్ర అక్షరాలు రావు, "పేజీ దొరకలేదు" అని కూడా రాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. హ్యాష్ తర్వాతి భాగాన్ని బ్రౌజరు సర్వర్‌కు పంపనే పంపదు. అది ఫోనులోనే ఉండిపోతుంది. కాబట్టి ఎంతమంది తప్పు చోట దిగారో మనకు ఏ లాగ్‌లోనూ కనపడదు. తప్పిపోయినవాళ్లు నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది. మనవాళ్లు చెప్పరు. ఇంట్లో చదువుకున్న అన్నో అక్కో ఉన్న పిల్లలైతే "ఇదేందిరా పైన ఆగింది" అని కిందికి జరిపి వెతుక్కుంటారు. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం "మాకు రాదేమోలే" అనుకుని మూసేస్తారు. హాస్టల్‌కు వచ్చిన కొత్తలో మేమూ అట్టాగే చాలా పేజీలు మూసేశాం.

ఒక చెల్లి మాత్రం చెప్పింది. మార్కాపురం వైపు, ఇంటర్ చదువుతుంది. పోయిన పత్తి తీతల్లో శనివారం ఇంటికి పోయి వాళ్లమ్మ వారం లెక్క మన ప్రోగ్రామ్‌లో వేసింది. 212 కేజీలు, కేజీకి 12 రూపాయలు. పొద్దున్నే తీసిన పత్తిలో మంచు తడి ఉంటుందని 12 కేజీలు తరుగు తీశారు. తరుగు ఎక్కడ కొట్టాలో తెలియక, వాట్సాప్‌లో అంతకు ముందు వచ్చిన "తరుగు" లింకు నొక్కింది. పేజీ తెరుచుకుంది, మధ్యలోకి దిగింది. అక్కడ రాసినట్టు ఒక డబ్బాలో 12 కొట్టింది. ప్రోగ్రామ్ 2,532 రూపాయలు చూపించింది. మేస్త్రి ఇచ్చింది 2,400.

తల్లీకూతుళ్లు ఇద్దరూ పోయి 132 రూపాయల కోసం మేస్త్రిని అడిగారు. ఆయన నోటుబుక్కు తీసి, 212 లోంచి 12 తీస్తే 200, పన్నెండు రెండొందలు ఇరవై నాలుగొందలు అని అందరి ముందూ చదివాడు. ఆయన లెక్క కరెక్టే. ఆ చెల్లి కొట్టిన 12, కేజీల తరుగులో పడలేదు, రూపాయల అడ్వాన్సు కోతలో పడింది. లింకు ఆ పిల్లను తరుగు కాడ దింపలేదు, అడ్వాన్సు కాడ దింపింది.

"కాలేజీ లెక్కలు ఇట్టాగే ఉంటయ్యా" అని నవ్వాడంట. అది పెద్ద సంగతి కాదు, నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లమ్మ అన్న మాట మాకు బాగా తగిలింది. "ఫోను లెక్క వద్దులే అమ్మా, ఏళ్ల మీద లెక్కే మేలు" అన్నదంట. ఇంకోసారి మేస్త్రి నిజంగా తక్కువ ఇచ్చినా ఆ తల్లి అడగటానికి వెనకాడుతుంది. 132 రూపాయలకంటే అది ఎక్కువ నష్టం.

చెల్లి ఫోను చేసి, "అన్నా, తరుగు అని ఉన్న లింకే నొక్కానన్నా, నాకు చదవటం వచ్చన్నా" అని గట్టిగా చెప్పింది. ఆ పిల్ల అంత గట్టిగా చెప్పకపోతే మేము కూడా తను తొందరలో పొరపడింది అనుకుని వదిలేసేవాళ్లం. ఆ రాత్రే పేజీ తెరిచి చూశాం.

మన పేజీలో హెడ్డింగులన్నీ తెలుగు. డాక్స్ టూల్ ప్రతి హెడ్డింగు నుంచి ఒక యాంకర్ తనే తయారు చేస్తుంది. ఇంగ్లీషు హెడ్డింగైతే ఆ మాటలే చిన్న అక్షరాల్లో, మధ్యలో హైఫన్లు పెట్టి యాంకర్ అవుతాయి. తెలుగైతే టూల్ మొదట ఇంగ్లీషు కాని అక్షరాలన్నీ తీసేస్తుంది. తీసేస్తే ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. ఖాళీ పేరు పెట్టలేదు కాబట్టి వరుస నంబరు ఇస్తుంది. మొదటి హెడ్డింగుకు అండర్‌స్కోర్ 1, రెండోదానికి అండర్‌స్కోర్ 2, ఇట్టా. కూలి రేటు 1, అడ్వాన్సు 2, తరుగు 3. లింకు పంచుకున్న రోజున తరుగు మూడోది. తర్వాత వినుకొండ వైపు తమ్ముళ్లు అడిగితే ఆటో చార్జీ ఫంక్షన్ చేరింది, దాని వివరం కూలి రేటు కింద రెండో చోట వచ్చింది. దాంతో అడ్వాన్సు మూడు అయింది, తరుగు నాలుగు అయింది. పాత లింకు మాత్రం మూడు దగ్గరికే పోతుంది.

తండాలో కొత్తవాళ్లకు దారి చెప్పేటప్పుడు "వేపచెట్టు కాడి ఇల్లు" అంటాం గాని "పై నుంచి మూడో ఇల్లు" అనం. మధ్యలో ఎవరో ఒకరు కొత్త గుడిసె వేస్తే మూడో ఇల్లు మారిపోద్ది. ఇక్కడ జరిగింది అదే.

మరి చెల్లికి హెడ్డింగు కనపడలేదా అని అడగొచ్చు. కనపడలేదు. మన పేజీలో పైన ఒక నీలం పట్టీ ఎప్పుడూ కదలకుండా ఉంటుంది. యాంకర్ దగ్గర దిగినప్పుడు బ్రౌజరు హెడ్డింగును తెర పైఅంచుకు తెస్తుంది, సరిగ్గా ఆ పట్టీ కిందికి. చిన్న ఫోనులో హెడ్డింగు పట్టీ కింద దాక్కుంది, కింద వాక్యం మాత్రమే కనపడింది: "ఈ డబ్బాలో తీసేయాల్సిన అంకె కొట్టండి." తరుగైనా అడ్వాన్సైనా ఆ వాక్యం ఒకటే. దీనికి మందు చిన్నది. స్టైల్ ఫైల్లో హెడ్డింగులకు స్క్రోల్-మార్జిన్-టాప్ అని ఒక వరుస రాసి పట్టీ ఎత్తు ఇస్తే చాలు, హెడ్డింగు పట్టీ కింది నుంచి బయటికి వస్తుంది. మీ డాక్స్‌లో కూడా పైన పట్టీ ఉంటే ఈ రోజే పెట్టండి.

నంబర్ల సంగతి మాత్రం చిన్నది కాదు. ఇది మన ఒక్క టూల్ పద్ధతి కాదని వెతికితే తెలిసింది. పైథాన్ డాక్స్ తయారు చేసే స్ఫింక్స్ ఉంది, దాని కింద పనిచేసేది డాక్‌యుటిల్స్. తెలుగు హెడ్డింగు ఇస్తే అది ఐడీ1, ఐడీ2 అని ఇస్తుంది. పైథాన్-మార్క్‌డౌన్ మామూలుగా వదిలేస్తే అండర్‌స్కోర్ నంబర్లు ఇస్తుంది. ఎవరో మన మీద పగబట్టి చేసింది కాదు ఇది. 1999 నాటి హెచ్‌టీఎంఎల్ 4.01 నియమం ప్రకారం ఐడీ అనేది ఇంగ్లీషు అక్షరంతోనే మొదలవ్వాలి, లోపల కూడా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులే ఉండాలి. ఆ రోజుల్లో రాసిన టూల్స్ ఆ నియమం పాటించాయి. 2014లో హెచ్‌టీఎంఎల్ 5 వచ్చాక ఖాళీ లేకుండా ఉంటే చాలు, ఐడీ ఏ భాషలోనైనా ఉండొచ్చు. నియమం మారి ఇన్నేళ్లయినా టూల్స్‌లో పాత అలవాటు అట్టాగే ఉంది.

ఇంగ్లీషు డాక్స్ వాళ్లకు కూడా ఈ బాధ లేకపోలేదు. జావా డాక్స్‌లో మెథడ్ యాంకర్లు 7లో బ్రాకెట్లతో ఉండేవి, 8లో హైఫన్లయ్యాయి, 10 నుంచి మళ్లీ బ్రాకెట్లయ్యాయి. పాత లింకు కొత్త వెర్షన్ పేజీకి అతికిస్తే పేజీ పైనే ఆగుతుంది. డాక్సిజెన్ అయితే ఫంక్షన్ పేరు, దాని ఆర్గ్యుమెంట్లు అన్నీ కలిపి గిలక్కొట్టి ఒక గజిబిజి యాంకర్ చేస్తుంది. ఒక ఆర్గ్యుమెంట్ మారితే యాంకరే మారిపోద్ది. అంటే మిషను తనంతట తాను పెట్టిన పేరు ఏ భాషలోనైనా గట్టిది కాదు. తెలుగులో అయితే అసలు పేరే పెట్టదు, నంబరు వేస్తుంది.

మాలో ఒకడు "తెలుగు అక్షరాలు ఉంచు అని సెట్టింగు ఉందంట" అన్నాడు. ఉంది. పైథాన్-మార్క్‌డౌన్‌లోనే యూనికోడ్ స్లగ్ అని ఉంది. పెట్టాం. పేజీ తయారైంది. యాంకర్లు చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. "పత్తి" అన్నది "పతత" అయింది. "తరుగు" అన్నది "తరగ" అయింది. గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ రాలిపోయి మొండి అక్షరాలు మిగిలాయి.

కారణం ఇది. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికి ఒక వర్గం ఉంటుంది. "క" అనేది అక్షరాల వర్గం. దీర్ఘం, కొమ్ము, ఏత్వం, పొల్లు, సున్నా ఇవన్నీ "మార్కులు" అనే వేరే వర్గం. పైథాన్‌లో మాట అక్షరాలను పట్టుకునే గుర్తు ఒకటి ఉంది, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. అది అక్షరాలను, అంకెలను మాటలో భాగం అనుకుంటుంది, మార్కులను అనుకోదు. మార్కులు కూడా మాటలో భాగమే అని యూనికోడ్ వాళ్ల సొంత సిఫారసు ఉంది. ఈ తేడా గురించి 2011లోనే పైథాన్ బగ్ పట్టికలో ఫిర్యాదు నమోదైంది. తమాషా ఏందంటే అదే పైథాన్ 3, 2008 నుంచి వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోనిస్తుంది. "కూలి" అనే ఫంక్షన్ రాయండి, కొమ్ముదీర్ఘంతో గుడితో సహా చక్కగా నడుస్తుంది. అదే మాటను హెడ్డింగు నుంచి యాంకర్ చేయబోతే గుణింతం పోద్ది.

పోతే పోయిందిలే, గుర్తుపడితే చాలదా అనుకోవద్దు. మన పేజీలో "కూలి" అని ఒక హెడ్డింగు, "కాలం" అని ఒకటి (ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా), స్కాలర్‌షిప్ ఫారం భాగంలో "కులం" అని ఒకటి ఉన్నాయి. గుణింతాలు తీసేస్తే మూడూ "కల"యే. మొదటిది కల, రెండోది కల అండర్‌స్కోర్ 1, మూడోది కల అండర్‌స్కోర్ 2. మళ్లీ నంబర్లే వచ్చాయి. కూలీ, కులమూ, కాలమూ కలిసి కల అవుతాయని కవిత్వం చెప్పుకోవటానికి బాగుంటుంది గాని లింకు మాత్రం సరిగ్గా దిగదు.

ఆ రాత్రి మా గదిలో అందరం మా పేర్లు, తెగల పేర్లు కొట్టి చూసుకున్నాం. సుగాలి "సగల" అయింది. యానాది "యనద". ఎరుకల "ఎరకల". చెంచు అయితే "చచ". మా గూడెం వాడు "బతికుండగానే సగం చంపిందిరా" అని పడీపడీ నవ్వాడు. ఒక కార్డులో ఒక స్పెల్లింగు, టెన్త్ మెమోలో ఇంకో స్పెల్లింగు ఉండి తిరిగిన బాధ మనలో చాలామందికి తెలుసు కాబట్టి ఆ నవ్వు ఎట్టాంటిదో మీకు చెప్పక్కర్లేదు.

అన్ని చోట్లా ఇట్టా లేదు. గిట్‌హబ్‌లో తెలుగు హెడ్డింగు పెడితే యాంకర్లో గుణింతాలు నిలబడతాయి, ఎందుకంటే అది రాసిన రూబీ భాష మార్కులను మాటలో భాగంగా చూస్తుంది. పైథాన్‌లో కూడా మనం సొంతంగా చిన్న ఫంక్షన్ రాసి ఇవ్వొచ్చు: ప్రతి అక్షరం వర్గం చూడు, అక్షరమైనా మార్కైనా అంకెైనా ఉంచు, మిగతావి హైఫన్ చెయ్. పది వరుసలు కూడా అవ్వదు. అది రాశాం, నడిచింది.

నడిచాక ఇంకో చిక్కు వచ్చింది. "హాస్టల్‌లో" అన్న మాట చూడండి. "ల్" పక్కన "లో" వస్తే కిందికి ఒత్తుగా పడకుండా, మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది. కొన్ని ఫోను కీబోర్డులు అది పెడతాయి, కొన్ని పెట్టవు. "సాఫ్ట్‌వేర్", "వాట్సాప్‌లో" అన్నీ ఇంతే. కళ్లకు మాటలు దాదాపు ఒకటే, మిషనుకు రెండు వేరు మాటలు. ఒకడు తన ల్యాప్‌టాప్‌లో హెడ్డింగు రాస్తే, ఇంకొకడు ఫోన్లో దానికి లింకు రాస్తే కలవలేదు. కాబట్టి యాంకర్ చేసే ముందు ఆ కనపడని అక్షరాన్ని తీసేయాలి. ఇది కనిపెట్టటానికి మాకు రెండు రోజులు పట్టింది.

ఇంకా ఒకటి. తెలుగు అక్షరం ఒక్కోటి లోపల మూడు బైట్లు. లింకును వాట్సాప్‌లో అతికించేటప్పుడు చాలా ఫోన్లు ఒక్కో బైటును శాతం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలుగా మారుస్తాయి. "కూలి-లెక్క" అన్న చిన్న యాంకర్ 82 అక్షరాల తోక అవుతుంది. అన్నీ శాతం గుర్తులే. మన గ్రూపులో ఒక అక్క దాన్ని చూసి వైరస్ లింకు అనుకుని నొక్కలేదు. ఆ అక్క జాగ్రత్త మంచిదే, తప్పుపట్టలేం.

తెలుగు వికీపీడియా వాళ్లు ఇదంతా మనకంటే ముందే పడ్డారు. 2003 డిసెంబరులో మొదలైంది అది. చాలా ఏళ్లు అందులో విభాగం యాంకర్లు తెలుగు బదులు చుక్కలు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసిన పొడుగాటి తోకలుగా ఉండేవి. 2017 చివర్లో వికీపీడియా నడిచే మీడియావికీలో మార్పు వచ్చి యాంకర్లు చక్కటి తెలుగులో ఉండటం మొదలైంది. మాకు నచ్చింది ఆ మార్పు ఒక్కటే కాదు. పాత చుక్కల యాంకర్లను కూడా కనపడకుండా పక్కనే ఉంచారు. కాబట్టి అంతకు ముందు ఎవరో ఎక్కడో రాసుకున్న లింకు చావలేదు. ఒకసారి బయటికి ఇచ్చిన చిరునామా మార్చకూడదని వెబ్ కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసం రాశాడు. అది చదివాక మా పనిలో సగం పాత లింకులను బతికించటమే అని అర్థమైంది.

ఈ మధ్యలో కాలేజీలో ఒక సార్‌ని అడిగాం. "హెడ్డింగులు ఇంగ్లీషులో పెట్టేయండి, గొడవ వదిలిపోద్ది" అన్నారు. సార్ మంచిగానే చెప్పారు, సాంకేతికంగా అది పనిచేస్తుంది కూడా. మా గదిలో దాని మీద రెండు రాత్రులు వాదన అయింది. ఒకడు సార్ మాటే రైటు అన్నాడు, ఉద్యోగంలో అంతా ఇంగ్లీషే గదా అని. ఇంకొకడు యాంకర్ కూడా తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాడు. చివరికి చదివే మాట ఒకటి, మిషను పట్టుకునే పేరు ఇంకొకటి అని విడగొట్టాం. హెడ్డింగు తెలుగులో ఉంటుంది, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఇంకా బాగా రాయొచ్చు. యాంకర్ మాత్రం ఫంక్షన్ పేరు నుంచి వస్తుంది. మన ఫంక్షన్ పేర్లు ఎటూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి, కాని మాట తెలుగే: తరుగు, కూలి లెక్క, అడ్వాన్సు కోత, ఇట్టా. డాక్‌స్ట్రింగులు ఏరే స్క్రిప్టులోనే హెడ్డింగు పక్కన కర్లీ బ్రాకెట్లలో హ్యాష్ పెట్టి ఆ పేరు రాసేట్టు మార్చాం. కావాలంటే టూల్లో అట్రిబ్యూట్ లిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ఆన్ చేయాలి. స్ఫింక్స్ వాడేవాళ్లయితే హెడ్డింగు పైన ఒక లేబుల్ రాసుకోవాలి, అదే పని చేస్తుంది.

హెడ్డింగు నుంచి యాంకర్ తీయకూడదని మేము గట్టిగా అనటానికి ఇంకో కారణం కూడా ఉంది. మా సీనియర్ అన్నలు 2021లో కూలి రేట్లు మండలాల వారీగా ఒక పేజీలో రాసి పెట్టారు. మాచర్ల, దుర్గి, బొల్లాపల్లి అన్నీ "గుంటూరు జిల్లా" కింద ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, అవి పల్నాడులోకి పోయాయి, ఇంకొన్ని మండలాలు బాపట్ల జిల్లాలోకి. హెడ్డింగు మార్చక తప్పదు. దుర్గి మాత్రం దుర్గి దగ్గరే ఉంది గదా. మండలం పేరుతో యాంకర్ ఉంటే జిల్లా ఎన్నిసార్లు మారినా లింకు అదే చోట దిగుతుంది.

పాత నంబరు లింకుల సంగతి. వాట్సాప్ గ్రూపుల్లో, కొందరి డైరీల్లో కూడా అవి ఉన్నాయి, వెనక్కి తీసుకోలేం. కాబట్టి ప్రతి హెడ్డింగు దగ్గర పాత నంబరుతో ఒక ఖాళీ యాంకర్ కూడా పెట్టాం. నంబర్లు కదలని చోట అది తేలిక. అండర్‌స్కోర్ 3 లాంటివి చిక్కు, ఎందుకంటే ఆటో చార్జీ చేరకముందు పంచుకున్నవాళ్లకు 3 అంటే తరుగు, తర్వాత పంచుకున్నవాళ్లకు 3 అంటే అడ్వాన్సు. ఏదో ఒకటి ఎంచితే ఇంకొకరు తప్పు డబ్బాలో అంకె కొడతారు. అందుకని అట్టాంటి మూడు నంబర్లను పేజీ పైన ఒక చిన్న భాగంలోకి తీసుకుపోయాం. అక్కడ దిగితే "మీరు తరుగు కోసం వచ్చారా, అడ్వాన్సు కోసం వచ్చారా" అని అడుగుతుంది, రెండు బటన్లు ఉంటాయి. ఒక నొక్కు ఎక్కువైనా పర్లేదు అనుకున్నాం. డబ్బులు లెక్కపెట్టే పేజీలో ఊహించి దింపటం మంచిది కాదు.

ఆ రెండు డబ్బాల కింద వాక్యాలు కూడా మార్చాం. ఒకదాంట్లో "తరుగు ఎన్ని కేజీలో కొట్టండి" అని, ఇంకోదాంట్లో "అడ్వాన్సులో ఎన్ని రూపాయలు పట్టుకున్నారో కొట్టండి" అని. ఇది యాంకర్ పని కాదు గాని, దాని దగ్గరే ఉంది కాబట్టి చేశాం.

ఇక చెకింగ్. డాక్స్ తయారైన ప్రతిసారీ ఒక స్క్రిప్టు అన్ని పేజీలు తెరిచి, ఉన్న ఐడీలన్నీ ఒక పక్క, హ్యాష్ ఉన్న లింకులన్నీ ఒక పక్క రాసుకుంటుంది. లింకు ఉండి ఐడీ లేకపోతే అక్కడే ఆగిపోతుంది, కొత్త డాక్స్ బయటికి పోవు. ఒకే ఐడీ రెండు చోట్ల ఉన్నా ఆగుతుంది, ఎందుకంటే బ్రౌజరు మొదటిదాని దగ్గరే దిగి రెండోదాన్ని పట్టించుకోదు. మీరు మొత్తం రాసుకోనక్కర్లేదు. ఎంకేడాక్స్ వాడేవాళ్లకు 2024లో వచ్చిన 1.6 నుంచి యాంకర్లు సరిచూసే సెట్టింగు ఉంది, మామూలుగా గట్టిగా అరవదు, మనమే వార్నింగ్‌కు మార్చుకోవాలి. స్ఫింక్స్‌లో లింక్‌చెక్ ఉంది, అది బయటి పేజీల యాంకర్లు కూడా చూస్తుంది. మేము సొంతంగా ఎందుకు రాశామంటే పాత నంబర్ల పట్టిక కూడా అందులోనే ఉంచుకోవాలి. ఆ పట్టికలో ఉన్న ఏ పేరూ ఇక మీదట పోకూడదు. కొత్తవి కలపొచ్చు, పాతవి తీసేయటానికి స్క్రిప్టు ఒప్పుకోదు.

మొదటిసారి స్క్రిప్టు నడిపినప్పుడు 63 లింకుల్లో 19 ఎక్కడా దిగటం లేదని చూపించింది. ఆ 19 గురించి మాకు ఒక్క మెసేజ్ కూడా రాలేదు.

మార్కాపురం చెల్లి ఇప్పుడు మాతోపాటు పనిచేస్తుంది. కొత్త లింకు ఏది బయటికి పోయినా ముందు ఆ పిల్ల ఫోన్లో నొక్కి చూడాలి. తెర చిన్నది, కొద్దిగా పగిలింది, సిగ్నల్ అంతంతమాత్రం. మన వాళ్ల ఫోన్లు అట్టాగే ఉంటాయి కాబట్టి అంతకంటే మంచి పరీక్ష లేదు. వాళ్లమ్మ ఇంకా ఏళ్ల మీదే లెక్కపెడుతుంది. మిరప కోతల్లో రెండూ పక్కపక్కన వేసి చూద్దామని చెల్లి ఒప్పించిందంట.

దాచేపల్లి వైపు ఒక తమ్ముడు డాక్‌స్ట్రింగులు మన లంబాడీ మాటలో, తెలుగు లిపిలో రాస్తానన్నాడు. మాకు సంతోషమే. హెడ్డింగు ఏ మాటలో ఉన్నా యాంకర్ ఒకటే కాబట్టి ఒక లింకుతో రెండు భాషల పేజీలూ తెరవొచ్చు. ఎరుకల మాటలో రాయగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇప్పుడు మీతో పని. మీ ఫోన్లో, వాట్సాప్‌లో, ఎక్కడైనా "కూలి లెక్క" పాత లింకు ఉంటే ఒక్కసారి నొక్కండి. ఏ హెడ్డింగు కాడ దిగిందో, అది మీరు అనుకున్న చోటేనో కాదో కింద రాయండి. ఫోను ఏదో, ఏ బ్రౌజరో కూడా రాయండి. దిగలేదనుకోండి, "నాకు రాలేదేమో" అని ఊరుకోవద్దు, లింకు కాపీ చేసి పెట్టండి. మిరప కోతలు ఊపందుకునే లోపల మిగతావి కూడా పట్టికలో ఎక్కించాలి.